పాతాళవీధిలో మూడో వెలుగు

“దీపం దించరా పోలిగా! చీర చూపించమంటే దీపాన్ని చూపిస్తావేంట్రా?”

కింద నుంచి అంకమ్మవ్వ వేసిన కేకకి, నిచ్చెన మీదున్న ప్రసేనుడు గబుక్కున గొలుసు వదిలాడు. దీపం జానెడు కిందికి జారి, ముందున్న రేకు చాటుకి వెళ్లింది. అంతే! అప్పటిదాకా మంటని చూసి కళ్లు చికిలిస్తున్న ముగ్గురు ఆడవాళ్లు ఒక్కసారిగా చీర వైపు తిరిగారు. పక్కనుంచి ఏటవాలుగా పాకిన వెలుతురులో జరీ అంచు మీది హంసలు నీళ్లలోంచి లేచినట్టు పైకి తేలాయి.

“కొనేవాళ్ల కళ్లలోకి దీపం కొట్టకూడదు. మన పనిలో మొదటి ఒట్టు అదే. మూడేళ్లయింది, ఇంకా ఎన్నిసార్లు చెప్పాలి నీకు?”

“నువ్వు చెబుతుంటే వినడానికి బాగుంటుందని మరిచిపోతుంటాను అవ్వా.”

“నీ నోటికి కూడా ఓ రేకు చేయించాలి,” అంది అవ్వ, నవ్వు దాచుకుంటూ.

పోలిగాడు అన్నది పెట్టుడు పేరు. ఆ మసిబారిన తలపాగా కింద, ఆ నూనె మరకల అంగరఖా లోపల ఉన్నవాడు మణికుంతల రాజ్యపు యువరాజు ప్రసేనుడు. ఆ సంగతి ఈ వీధిలో అవ్వకొక్కతికే తెలుసు.

వైడూర్యగిరి కొండని అడ్డంగా తొలిచి, ఎప్పటి రాజో కట్టించిన అంగడి వీధి అది. పేరు పాతాళవీధి. ఈ కొసన నగరం, ఆ కొసన సముద్రం. మధ్యలో ఇరువైపులా మూడు వందల దుకాణాలు. పైన నల్లరాతి కప్పు. బయట ఎండ మండిపోతున్నా లోపల దీపం లేనిదే అరచెయ్యి కనిపించదు. నడివీధి చదరంలో మాత్రం కప్పుకి ఏనుగు పాదమంత రంధ్రం ఒకటుంది. మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడు అందులోంచి వెలుగు స్తంభంలా దిగి, కింద పరిచిన పాలరాతి చక్రాన్ని తాకుతుంది. నూరు అంకెలు లెక్కపెట్టేలోగా మాయమవుతుంది.

మిగతా పగలంతా రాజ్యం దీపాలదే. ఆ దీపాలన్నిటికీ రాణి అంకమ్మవ్వ. ముత్యాల కొట్టువాడు ఒకప్పుడు నలభై దీపాలు వెలిగించి ఈగలు తోలుకుంటూ కూర్చునేవాడు. అవ్వ వచ్చి ముప్పై తొమ్మిది ఆర్పేసి, నల్ల మఖమలు పరిచి, మూరెడు ఎత్తున ఒక్కటి ఉంచింది. ముత్యాలు చుక్కల్లా పొడిచాయి. కంచు బిందెల కొట్టులో దీపానికి నూనెగుడ్డ తెర కట్టించింది. తళతళకి బెదిరిపోయే జనం అప్పటినుంచి బిందెల సొంపు చూడసాగారు. సాంబ్రాణి కొట్టు గుమ్మంలో వెలుగు తగ్గించి, లోపలి గోడ దగ్గర పెంచింది. దారినపోయేవాళ్ల కాళ్లు వాటంతటవే లోపలికి నడిచాయి. కోడిగుడ్ల సూరమ్మకి మాత్రం ఏ అలంకారమూ అక్కర్లేదు. చిల్లు పెట్టిన కుండలో దీపం ఉంచుకుని, ప్రతి గుడ్డునీ ఆ చిల్లుకి ఆనించి చూసి, మంచిదైతే బుట్టలో, మురిగిందైతే గోలెంలో వేస్తూ ఉంటుంది.

చీర అమ్ముడుపోయింది. పట్టువర్తకుడు మల్లినాథుడు నిచ్చెన దగ్గరికి వచ్చి, అవ్వ చేతిలో తమలపాకుల చుట్ట పెట్టాడు.

“అవ్వా, నిరుడు ఈపాటికి కొట్టు మూసేసి ఊరొదిలి పోదామనుకున్నాను. ఇవాళ నా పిల్లలు నాలుగు మెతుకులు తింటున్నారంటే నీ వత్తి చలవే. నీకేం కావాలో ఒక్కసారైనా అడగవేం?”

“అడిగే రోజు వస్తే అడుగుతాలే నాయనా.”

ఆ రోజు అప్పటికే వచ్చేసిందని అవ్వకి తెలియదు.

చదరం వైపునుంచి డప్పు మోగింది. “కొత్త కొట్టు! కొత్త కొట్టు! బొమ్మల కపిలయ్యగారి కొట్టు! ఒకే పోలిక, పన్నెండు బొమ్మలు! మిట్టమధ్యాహ్నం బేరం!”

ప్రసేనుడి చేతిలోని నూనెచెంబు నేల మీద పడి దొర్లింది.

మూడేళ్ల నాడు ధూమ్రనేత్రుడనే మాంత్రికుడు అతని చెల్లెలు ఇందుమాలను ఎత్తుకుపోయి, మోకాలెత్తు బొమ్మగా మార్చేశాడు. తరుముకుంటూ వెళ్లిన ప్రసేనుడికి కొండదారిలో ఒక ముని కనిపించి ఒకే ఒక్క ఆధారం చెప్పాడు. “మూడేళ్లు నిండిన రోజున, సూర్యుడు మధ్యాహ్నం మాత్రమే దిగివచ్చే అంగడిలో వాడు ఆమెని అమ్ముతాడు. బేరం కుదిరి చేతిలో చెయ్యి పడితే ఆమె ఇక ఎప్పటికీ బొమ్మే. ఈలోగా సొంతవాళ్లు పేరు పెట్టి పిలిచి ఆమెని ముట్టుకుంటే మాయ వీగిపోతుంది. కానీ జాగ్రత్త! ఆ పేరుతో పిలిచి వేరే బొమ్మని ముట్టుకున్నవాడు తనే బొమ్మైపోతాడు.”

ఒంటినిండా గాయాలతో ఈ వీధిలోకి వచ్చి పడిపోయిన అతన్ని మోసుకెళ్లి, నూనెకుండల మధ్య పడుకోబెట్టి, నెలరోజులు గంజి తాగించింది అంకమ్మవ్వ. పేరు మార్చింది. పని నేర్పింది. ఆ ముసలిచేతులు లేకపోతే తను ఏనాడో మట్టిలో కలిసిపోయేవాణ్ణని ప్రసేనుడు రోజూ పొద్దున్నే వత్తి వెలిగించేటప్పుడు తలుచుకునేవాడు.

“అవ్వా,” అన్నాడు, చదరం వైపు చూపిస్తూ.

అవ్వకి అర్థమైంది. “నిచ్చెన దిగు. పద!” అంది.

---

చదరం జనంతో కిటకిటలాడిపోతోంది. పాలరాతి చక్రం పక్కనే వెలిసిన కొత్త దుకాణం మండుతున్న కొలిమిలా ఉంది. పైన దీపాలు, కింద దీపాలు, ముందు దీపాలు, మూలమూలనా అద్దాలు. నూట ఎనిమిది మంటల మధ్య ఎర్రమఖమలు మెట్ల మీద పన్నెండు బొమ్మలు నిలబడి ఉన్నాయి. పన్నెండింటిదీ ఒకే ముఖం. కోల కళ్లు, చిన్న గడ్డం, కుడి చెంప మీద పుట్టుమచ్చ.

ఇందుమాల ముఖం!

“పన్నెండూ తనే!” ప్రసేనుడు పళ్లబిగువున అన్నాడు.

“ఒక్కతే తను. మిగతావి దొంగవి,” అంది అవ్వ, చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తూ. “ఇన్ని దీపాలు పెట్టాడంటే వాడేదో దాస్తున్నాడురా. ఎక్కడా నీడ లేదు చూడు. నీడ లేకపోతే ముక్కు ఎత్తెంతో తెలీదు, గీత లోతెంతో తెలీదు. కొయ్యా, మైనమా, మనిషా? ఏదీ తెలీదు.”

దుకాణం ముందు పట్టు శాలువా కప్పుకున్న బొమ్మల కపిలయ్య చేతులు నులుముకుంటూ నిలబడ్డాడు. అతని కళ్ల చివరల నుంచి సన్నగా, అగరొత్తి పొగలా, ఏదో లేస్తూ ఉంది. జనానికి అది దీపాల పొగలా కనిపించింది. ప్రసేనుడికి మాత్రం ఒళ్లు మండిపోయింది. వాడే ధూమ్రనేత్రుడు!

ఎదురుగా ముత్యాలదీవి నుంచి వచ్చిన ఓడ వర్తకుడు సాగరదత్తుడు బొమ్మల్ని చూసి మురిసిపోతున్నాడు.

“పన్నెండూ తీసుకుంటానయ్యా. మా అమ్మాయి పెళ్లికి పన్నెండు గుమ్మాల్లో నిలబెడతాను. ఏదీ, చెయ్యి ఇలా ఇవ్వు!”

“తొందరేముంది దొరా!” కపిలయ్య నవ్వాడు. “సూర్యుడు చక్రం మీదికి దిగాక చెయ్యి కలుపుదాం. శుభం.”

ప్రసేనుడు పైకి చూశాడు. రంధ్రం అంచున అప్పటికే బంగారు రంగు పాకుతోంది. ఇక ఎంతోసేపు లేదు. అతని చెయ్యి నడుములోని కత్తి మీదికి వెళ్లింది. అవ్వ ఆ చేతి మీద చురుక్కుమనేలా ఒక్కటి కొట్టింది.

“కత్తితో చెల్లెల్ని గుర్తుపడతావా? ఆగు.” ఆమె జనంలోకి తల తిప్పింది. “మల్లినాథా! ఇందాక అడగమన్నావుగా. అడుగుతున్నాను. నువ్వూ ఈ బొమ్మలకి బేరగాడివని చెప్పి, మూడు వెలుగులు కోరు.”

మల్లినాథుడు ఎందుకని అడగలేదు. జనాన్ని తోసుకుంటూ ముందుకు దూకాడు.

“ఆగండి! నేనూ బేరగాణ్ణే! మూడు వెలుగులు కోరుతున్నాను!”

చదరమంతా గొల్లుమంది. కపిలయ్య ముఖం మాడింది. “ఏమిటా మూడు వెలుగులు?”

బజారుపెద్ద భైరవప్ప మీసం సవరించుకుంటూ ముందుకొచ్చాడు. “కొత్తవాడివి, నీకు తెలీదులే అయ్యా. ఎండ లేని వీధిలో సరుకుని నమ్మేదెలా? అందుకని మా తాతల నాటి ఆనవాయితీ. బేరగాడు కోరితే అమ్మేవాడు తన దీపాలన్నీ ఆర్పెయ్యాలి. వీధి దీపాలమ్మ ఒకే ఒక్క దీపంతో, మూడుసార్లు, మూడు చోట్ల నుంచి వెలుగు చూపాలి. వెలుగుతున్న వత్తి చేతిలో ఉన్నంతసేపు ఆమె గానీ ఆమె పనివాడు గానీ నోరు విప్పకూడదు, సరుకు ముట్టకూడదు. మధ్యలో దీపం ఆరిపోయినా అదీ ఒక వెలుగు కిందే లెక్క.”

“నేను ఒప్పుకోకపోతే?”

“బొమ్మలు బుట్టలో సర్దుకుని బయల్దేరు.”

బయల్దేరితే మూడేళ్ల మంత్రం వృథా. కపిలయ్య పళ్లు కొరుక్కుంటూ చిటిక వేశాడు. నూట ఎనిమిది దీపాలు ఒక్కసారే ఆరిపోయాయి. చదరం చీకటైంది.

అవ్వ తన కంచు చేదీపం పైకి తీసింది. వెనక అద్దంలా తోమిన గుండ్రని తట్ట ఉన్న దీపం అది. నలభై ఏళ్లుగా మరొకరి చేతికి ఇవ్వనిది. దాన్ని ఆమె ప్రసేనుడికి అందించింది.

“నా చెయ్యి వణుకుతోందిరా. వెలుగు వణికితే ఏదీ సరిగ్గా కనపడదు. నువ్వు పట్టుకో,” అని, వత్తి ముట్టించింది.

---

మొదటి వెలుగు.

ప్రసేనుడు దీపాన్ని ఎత్తాడు. తలకి కాస్త పైన, కాస్త ఎడమగా, మెత్తగా పడేలా తట్టని వంచి పట్టాడు. చెంపలు నిగనిగలాడాయి. పెదాల మీద తడి మెరిసింది. కళ్లలో ఒక్కొక్క చుక్క వెలుగు నిలిచింది. పన్నెండు బొమ్మలూ ఊపిరి తీసుకోబోతున్నట్టు ఉన్నాయి.

“అబ్బ! ప్రాణం ఉన్నట్టే ఉన్నాయే!” జనం నోళ్లు తెరిచారు.

సాగరదత్తుడు ఎగిరి గంతేశాడు. “ఇందాక చెప్పిన ధరకి రెండింతలు ఇస్తాను!”

కపిలయ్య పకపకా నవ్వాడు. “శభాష్ పనివాడా! నా నూట ఎనిమిది దీపాలూ చెయ్యలేని పని ఒక్కటితో చేశావు. రేపటినుంచి నా దగ్గర చేరు!”

ప్రసేనుడు గబుక్కున దీపం దించాడు. ఎంత పొరపాటు చేశాడు! మూడేళ్లుగా సరుకుని అందంగా చూపించి చూపించి, చెయ్యి తనంతట తనే అమ్మేవాడి దీపం పట్టేసింది. నిజం చూపించాల్సినచోట ముస్తాబు చేసింది. అవ్వ నుదురు కొట్టుకుంది. నోరు విప్పి తిట్టడానికి కూడా వీల్లేదు.

రెండో వెలుగు.

ఈసారి అతను మోకాళ్ల మీద కూర్చున్నాడు. దీపాన్ని బొమ్మలకి బాగా పక్కగా, నేలకి దగ్గరగా తెచ్చాడు. జరీ అంచు చూపించే వెలుగు అది. కిరణాలు ముఖాల మీదుగా జారిపోయాయి. అంతే, అందం ఊడిపోయింది! ఒక బొమ్మ చెంప మీద ఉలిగాట్లు లేచాయి. ఇంకోదాని నుదుట రంగు కుంచె వెంట్రుకల గీతలు. మరోదాని మెడ దగ్గర కొయ్యకణుపు. ఒకటి, రెండు, మూడు, తొమ్మిది! తొమ్మిదీ చెక్కినవే. మూడింటి చర్మం మాత్రం తోమిన గిన్నెలా నున్నగా ఉంది.

మూడింటిలో ఒకటి తను. పైన రంధ్రం అంచు తెల్లబడుతోంది.

కపిలయ్య నవ్వు మాయమైంది. ఆ దీపం పట్టినవాడి చూపు ఎక్కడ ఆగిందో వాడు గమనించాడు.

మూడో వెలుగుకి ఎక్కడ నిలబడాలి? ముందు చూశాడు, పక్క చూశాడు. ప్రసేనుడి కళ్లు దిక్కుతోచక జనం మీదికి పోయాయి. ముందు వరసలో, చంకన గుడ్లబుట్టతో, కాళ్ల దగ్గర చిల్లుకుండతో, కోడిగుడ్ల సూరమ్మ నోరు తెరుచుకుని చూస్తోంది.

అతను గిరుక్కున తిరిగి బొమ్మల వెనక్కి పరిగెత్తాడు.

“ఓహో!” అని మాత్రం అన్నాడు కపిలయ్య. వాడి కళ్లలోంచి రెండు పొగతీగలు పాముల్లా జరజరా పాకివచ్చి దీపం మీద పడ్డాయి. మంట ఒక్కసారి నీలంగా వణికి, ఆరిపోయింది.

“ఆరిపోయింది! మూడో వెలుగు అయిపోయింది!” వాడు అరిచాడు. “పెద్దాయనా, ఆనవాయితీ నువ్వు చెప్పిందే!”

భైరవప్ప తల దించుకున్నాడు. “అవును. అయిపోయినట్టే.”

సరిగ్గా అప్పుడే, ధన్ మని మోగినట్టుగా, సూర్యుడు దిగాడు. వెలుగు స్తంభం కప్పు నుంచి నేలదాకా నిలిచింది. పాలరాతి చక్రం వెన్నముద్దలా మెరిసింది.

“చెయ్యి దొరా, చెయ్యి!” కపిలయ్య సాగరదత్తుడి వైపు అరచెయ్యి చాపాడు. సాగరదత్తుడూ చాపాడు.

ప్రసేనుడు ఆరిన వత్తిని లాగి పారేశాడు. దీపం వెనకున్న కంచు తట్టని ఊడబెరికి, ఒక్క దూకున వెలుగు స్తంభం అంచుకి వెళ్లి, దాన్ని అందులో పెట్టి వంచాడు. సూర్యుడు తట్ట మీద పడి, ఎగిరి, బల్లెంలా వెళ్లి బొమ్మల వెనక తగిలాడు.

కొట్టు ముందరి అద్దంలో కొయ్య బొమ్మలు నల్లగానే కనిపించాయి. ఆ మూడింటి చెవులు మాత్రం దానిమ్మ గింజల్లా ఎర్రగా వెలిగాయి!

“మూడూనా!” అనుకున్నాడు ప్రసేనుడు. ముగ్గురూ మనుషులే! మాంత్రికుడు ఇంకో ఇద్దరు అమ్మాయిలకి కూడా అదే ముఖం పులిమి నిలబెట్టాడు.

అరచేతులకీ అరచేతులకీ మధ్య ఇక బెత్తెడే ఉంది.

ప్రసేనుడు తట్టని వెంట్రుకవాసి కదిపాడు. మొదటి బొమ్మ రెండు చెవుల తమ్మెల్లోనూ రెండు తెల్లటి చుక్కలు మెరిశాయి. పోగుల రంధ్రాలు. రెండోదానికి అసలు లేవు. మూడోదానికి కుడి చెవికి ఉంది, ఎడమ చెవికి లేదు.

ఆరేళ్ల ఇందుమాల! కుడి చెవి కుట్టగానే కంసాలి చెయ్యి కొరికి, కోటంతా పరుగులు పెట్టించి, రెండో చెవి ఏనాటికీ కుట్టనివ్వని ఇందుమాల!

“ఇందుమాలా!”

అరుస్తూ దూకి, ఆ బొమ్మ భుజం పట్టుకున్నాడు.

ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తరవాత రంగు పెళుసుగా చిట్లి రాలింది. మోకాలెత్తు బొమ్మ నడుమంత, భుజమంత ఎదిగి, తూలి, అతని మీద పడి దగ్గింది.

“అన్నయ్యా,” అంది, కళ్లు నులుముకుంటూ. “ఆ గడ్డం ఏమిటి, అసహ్యంగా?”

ప్రసేనుడు నవ్వాడో ఏడ్చాడో అతనికే తెలియలేదు.

“మోసం!” మాంత్రికుడు గర్జించాడు. “దీపం పట్టినవాడు నోరు విప్పాడు! సరుకు ముట్టుకున్నాడు!”

భైరవప్ప ఈసారి తల దించుకోలేదు. “వెలుగుతున్న వత్తి చేతిలో ఉన్నంతసేపేనయ్యా ఒట్టు. వత్తిని నువ్వే ఆర్పావుగా?”

జనం ఘొల్లున నవ్వారు. సాగరదత్తుడు చాపిన చేతిని చప్పున వెనక్కి లాక్కుని, నిప్పు తగిలినట్టు తొడకి రుద్దుకున్నాడు.

---

శాలువా ఎగిరిపోయింది. బొమ్మల కపిలయ్య ఉన్నచోట తాటిచెట్టంత మాంత్రికుడు లేచి నిలబడ్డాడు. రెండు కళ్లు రెండు పొగగూళ్లు. ఒక్కో గూటిలోంచి బుసబుసమంటూ వెలువడిన పొగ వీధి పొడవునా పరుచుకుని, ఎదురైన ప్రతి దీపాన్నీ నోట కరుచుకుంది. ముత్యాల కొట్టు చీకటైంది. కంచు కొట్టు చీకటైంది. పైన సూర్యుడు కూడా పక్కకి తప్పుకుని, వెలుగు స్తంభం సన్నబడి తెగిపోయింది.

“అన్నాచెల్లెళ్లిద్దరూ ఇప్పుడు ఎటు పోతారో చూస్తాను!”

ప్రసేనుడు ఒక చేత్తో ఇందుమాలని, ఇంకో చేత్తో కత్తిని పట్టుకుని వెనక్కి అడుగేశాడు. కత్తికి తగిలేదేముంది అక్కడ, పొగ తప్ప?

అప్పుడు చీకట్లోంచి అంకమ్మవ్వ గొంతు ఖణీమంది.

“వీధివాళ్లారా! నలభై ఏళ్లుగా నేను మిమ్మల్ని ఏమీ అడగలేదు! ఇవాళ అడుగుతున్నాను! రేకులు తిప్పండి! వాడి కళ్లలోకి కొట్టండి!”

ఎవరూ కదల్లేదు. మనిషి కళ్లలోకి దీపం కొట్టడమంటే ఆ వీధిలో తప్పు కాదు, పాపం. తరతరాల ఒట్టు.

“అవ్వే అడిగితే ఒట్టేంటి గట్టేంటి!” అంటూ సూరమ్మ బుట్ట కింద పెట్టి, లోపలి దీపం పొగకి చిక్కకుండా మిగిలిన తన చిల్లుకుండని రెండు చేతులా ఎత్తి మాంత్రికుడి వైపు తిప్పింది. సన్నటి వెలుగుపుల్ల వెళ్లి వాడి ఎడమ కంట్లో గుచ్చుకుంది. వాడు “ఆఁ!” అని ముఖం తిప్పుకున్నాడు.

ఆ తరవాత వీధిని ఎవరూ ఆపలేదు. మల్లినాథుడు పట్టుకొట్టు రేకుని చేత్తో ఊడబెరికాడు. సాంబ్రాణి కొట్టాయన లోపలి గోడ దీపాన్ని గుమ్మంలోకి లాక్కొచ్చాడు. కంచు కొట్టాయన నూనెగుడ్డ తెర చింపేసి, బిందెలన్నీ అద్దాల్లా వరసపెట్టాడు. “నా కొట్టు నిలబెట్టావు అవ్వా!” ఒకడి కేక. “నా కూతురి పెళ్లి చేశావు అవ్వా!” ఇంకొకడిది. ఆరిన దీపాల్ని ఆరనివాటితో ముట్టించుకుంటూ, కొస నుంచి కొసదాకా, మూడు వందల దుకాణాల వెలుగు ఒకే చోటికి తిరిగింది.

పొగ గూళ్లు భగ్గుమన్నాయి. మాంత్రికుడు రెండు చేతులూ కళ్లకి అడ్డం పెట్టుకుని, తడుముకుంటూ, తన ఎర్రమఖమలు మెట్ల మీదే తట్టుకుని వెల్లకిలా పడ్డాడు. కొండ అదిరింది.

“గుడ్డివాడయ్యాడా?” ఇందుమాల అడిగింది.

“కాసేపే. పరిగెత్తాలి!”

సాగరదత్తుడు అడ్డం వచ్చాడు. ముఖాన చెమటలు పట్టాయి. “బాబూ, నా చేత ఎంత పాపం చేయించబోయాడు వాడు! నువ్వు రాకపోతే ఆడపిల్లని కొనుక్కుపోయి గుమ్మంలో నిలబెట్టేవాణ్ణి. రేవులో నా తెరచాప పడవ ఉంది. ఎర్ర జెండా. తీసుకుపో. తిరిగి ఇవ్వక్కర్లేదు.”

ప్రసేనుడు చేతులు జోడించి, అవ్వ దగ్గరికి పరిగెత్తి, కాళ్ల మీద పడ్డాడు.

“అవ్వా, నువ్వూ రా. మా కోటలో...”

“నీ కోటలో కిటికీలుంటాయిరా. నాకేం పని అక్కడ?” ఆమె అతన్ని లేపి, ఆ ఆరిన దీపాన్నీ తట్టనీ అతని చంకలో దోపింది. “ఇది నీదే. నాకు వీధి నిండా ఉన్నాయి. నువ్వు బాగా చేశావు. మొదటి వెలుగు మాత్రం... ఛీ! తలుచుకుంటే ఇప్పటికీ నా పరువు పోతోంది.”

“ఆ పొరపాటు మళ్లీ చెయ్యను అవ్వా. నువ్వు చేసిన మేలు మాత్రం...”

“దండకం తరవాత. అదిగో, ఆ రెండూ పట్టుకుపో.” మెట్ల మీద నిలబడ్డ మిగిలిన రెండు నున్నటి బొమ్మల్ని చూపించింది. ఆమె గొంతు తగ్గింది. “నీ చెల్లెలికి పేరు పెట్టి పిలిచేవాడు వచ్చాడు. వాళ్లకి ఇంకా రాలేదు. పేర్లు వెతికిపెట్టు. అంతకుమించి నాకేమీ ఇవ్వక్కర్లేదు.”

అన్న ఒక బొమ్మని, చెల్లెలు ఒక బొమ్మని చంకన వేసుకున్నారు. వాళ్లు పరిగెత్తుతుంటే, వాళ్ల ముందున్న ప్రతి దుకాణమూ రేకు దించి దారి చూపింది. వాళ్లు దాటిపోగానే మళ్లీ పైకెత్తింది. ముందు మెత్తటి వెలుతురు, వెనక కళ్లు చెదిరే మంట. మాంత్రికుడి బొబ్బలు వెనకబడ్డాయి.

వీధి కొస చీలి, ఎండ ఉప్పెనలా మీద పడింది. మూడేళ్లుగా దీపాలకి అలవాటైన ప్రసేనుడి కళ్ల వెంట నీళ్లు కారాయి. ఎర్ర జెండా పడవ! తాడు తెగింది. తెరచాప ఉబ్బింది. రేవు వెనక్కి జారింది.

“అన్నయ్యా, ఆ చప్పుడేమిటి?”

శంఖం. కొండ మొగలోంచి నల్లటి పొగ వెల్లువలా బయటికి వస్తోంది. దానికి బదులుగా రేవు ముఖద్వారంలోని గొలుసుకోట మీద ఇంకో శంఖం మోగింది. నీళ్లలోంచి, మనిషి నడుమంత లావు ఇనుప గొలుసు నాచు కార్చుకుంటూ పైకి లేవసాగింది. బురుజుల మీద విలుకాళ్లు బారులు తీరారు. గొలుసుకోట దొర మాంత్రికుడి మనిషన్నమాట!

వెనక పొగ, ముందు గొలుసు.

“చుక్కాని తిప్పుదామా? రాళ్లవైపు?” ఇందుమాల అరిచింది.

ప్రసేనుడు జవాబు చెప్పబోయి ఆగాడు. పడవ అంచుకి ఆనించిన బొమ్మ మీద అతని చూపు పడింది. చెవులు కుట్టని రెండో బొమ్మ. ఎండ నీళ్ల మీంచి ఎగిరి సరిగ్గా దాని వెనక తగులుతోంది. ఎర్రగా వెలుగుతున్న ఎడమ చెవి లోపల, ఇందాకటి తొందరలో అతను చూడనిది ఒకటి కనిపించింది. రంగు కింద దాగిన పచ్చబొట్టు. ముక్కోణంగా పేర్చిన మూడు నల్లటి చుక్కలు.

అతను మెల్లగా తలెత్తాడు. గొలుసుకోట బురుజు మీద పెద్ద నీలి జెండా రెపరెపలాడుతోంది. దాని మధ్యలో ముక్కోణంగా మూడు తెల్లటి చుక్కలు.

“దొర మాంత్రికుడి మనిషి కాదు చెల్లీ,” అన్నాడు ప్రసేనుడు. “కూతుర్ని పోగొట్టుకున్నవాడు. అందుకే ఆ మాంత్రికుడు ఆడించినట్టల్లా ఆడుతున్నాడు!”

అతను చుక్కాని గట్టిగా పట్టుకుని, పడవ ముక్కుని సూటిగా కోట వైపు తిప్పాడు. చుక్కాని చెల్లెలికి అప్పగించి, అవ్వ ఇచ్చిన కంచు తట్ట తీసి, బొమ్మని తెరచాప కొయ్యకి ఆనించి ఎత్తుగా నిలబెట్టి, ఆ చెవి వెనక సూర్యుణ్ణి పట్టాడు.

బురుజు మీద నూరు విల్లులు వంగాయి.

“దొరా!” ప్రసేనుడు గొంతు చించుకుని అరిచాడు. “బాణం వదిలే ముందు ఒక్క వెలుగు చూడండి! ఈ పిల్ల పేరేమిటో చెప్పండి!”